గెర్బర్ వారి ముందు గది

మా ఇంటిపేరు గెర్బర్. రేషన్ కార్డులో ఒక రకంగా పడింది, ఓటరు కార్డులో ఇంకో రకంగా పడింది. నేను దేన్నీ దిద్దించలేదు. కడియంలో నేను పనిచేసే నర్సరీలో హాజరు పుస్తకంలో వట్టి ఎజ్రా అనే రాసుకుంటారు. మొక్క వేర్లకి మట్టిముద్ద కట్టి లారీ ఎక్కించడానికి ఇంటిపేరుతో పనిలేదు.

ఆ పేరుతో పని ఉన్నవాడు మా అన్నయ్య కొడుకు రమేష్ బాబు. కాకినాడలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టారు. ఫేస్‌బుక్కులో రమేష్ బాబు గెర్బర్ అని పెట్టుకున్నాడు. ఊళ్ళో ఇంటి గుమ్మం పక్కన నల్ల గ్రానైటు పలక మీద బంగారు అక్షరాలతో గెర్బర్ హౌస్ అని చెక్కించాడు. మా తాత చిట్టియ్య జర్మనీ నుంచి వచ్చిన గెర్బర్ దొర వెంట ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన బోధకుడనీ, ఆ విశ్వాసానికి మెచ్చి దొర తన ఇంటిపేరు ఇచ్చాడనీ వాడు స్కూల్లో చెప్పుకుంటాడు. వాడు కల్పించింది కాదు. వాడికి మా అన్నయ్య చెప్పాడు. మిషన్ హాస్టల్లో పెరిగిన మా అన్నయ్యకి మా నాన్న చెప్పాడు.

నాకూ చెప్పారు. కాకపోతే నేను చూసి ఉన్నాను.

మా తాత తోళ్ళు పదును చేసేవాడు. చచ్చిన గొడ్డు తోలు తెచ్చి సున్నపు గుంటలో ఊరేసేవాడు. బొచ్చు వదులయ్యాక దుంగ మీద పరిచి, రెండు చివరలా పిడులున్న వంపు కత్తిని రెండు చేతుల్తో పట్టుకుని గీకేవాడు. ఆ తర్వాత పొద నుంచి ఒలిచిన తంగేడు చెక్క నానిన ఎర్రనీళ్ళలో వారాల తరబడి ఉంచేవాడు. మా చర్చి గుడికి దక్షిణంగా, మురుగు కాలువ గట్టున, నాలుగు గుంటలుండేవి. తోలు జారకుండా దుంగ చివర కూర్చుని పట్టుకోవడం నా పని. గీకేటప్పుడు మా తాత మాట్లాడేవాడు కాదు. చెయ్యి తప్పితే తోలు తెగుతుంది. నాకూ అదే అలవాటైంది.

గుళ్ళో ఆయన గుమ్మం దగ్గర చివరి వరసలో కూర్చునేవాడు. ప్రభు భోజనం రోజున ద్రాక్షరసం గిన్నె అందరి దగ్గరికీ తిరిగి ఆఖరున ఆయన దగ్గరికి వచ్చేది. ఎందుకని నేను అడగలేదు. చేతుల వాసన వల్లనే అనుకున్నాను.

ఆయన పోయిన ఏడాది నాకు పదేళ్ళు. మా నాన్న అప్పటికి మిషన్ బడిలో చిన్న మేష్టారు. ఆ ఎండాకాలమే గుంటల్లో మట్టి పోయించి, పైన ముందు గది కట్టించాడు. దుంగని పొయ్యిలో పెట్టేశారు. కత్తిని నాన్న మురుగు కాలువలోకి విసిరేస్తే, నేను దిగి తెచ్చుకుని ఇంటికప్పు వాసాల సందున దాచాను. ఒకసారి ఇంటికొచ్చిన స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు గారి ముందు, మా తాత తోళ్ళు గీకేవాడు అన్నాను. ఆయన వెళ్ళాక మా నాన్న నన్ను కొట్టిన దెబ్బకి చెవిలో రెండు రోజులు గుయ్యిమంది. ఆ రోజు నుంచే నేను మాట తక్కువ మనిషినయ్యానంటే అబద్ధం. అంతకు ముందూ తక్కువే.

పేటలో పాతవాళ్ళకి ఇదంతా తెలుసు. ఎవరూ అనరు. ఎవరి ఇంటి కింద పూడ్చుకున్నది వాళ్ళకుంది.

ముందు గది మాత్రం ఎప్పుడూ కుదురుగా లేదు. తూర్పు మూల నేల కుంగుతుంది. గోడ అడుగున తెల్లగా పొంగు వచ్చి సున్నం పెచ్చులు రాలతాయి. కాలువ చెమ్మ అని అందరూ అంటారు. రమేష్ బాబు పెళ్ళాం గుమ్మం పక్కన ఆ మూలనే మూడుసార్లు గులాబీ వేసింది. మూడుసార్లూ లేతాకు పసుపు తిరిగి ఈనె మాత్రం పచ్చగా మిగిలింది. చీడ పట్టిందని మందులు కొట్టింది. నర్సరీలో పనిచేసేవాడెవడికైనా ఆ ఆకు చూస్తే తెలుస్తుంది. కింద మట్టిలో సున్నం ఉంది.

మొత్తం పన్నెండు సెంట్లు. ముందు రమేష్ బాబు డాబా, వెనక నాదీ మా ఆవిడ ఏసమ్మదీ రెండు గదుల పెంకుటిల్లు. మాకు పిల్లల్లేరు. రమేష్ బాబుకి కాకినాడలో ఫ్లాటుంది. ఆదివారం గుడికి వచ్చి, ముందు గదిలో ఫ్యాను కింద కాసేపు కూర్చుని వెళ్ళిపోతాడు. ఇంటి పన్ను మా అన్నయ్య పేరు మీదే ఉండేది, ఆయన తర్వాత వాడి పేరు మీదికి మారింది. అది నాకెప్పుడూ పట్టలేదు. మన పిల్లాడే కదా అనుకున్నాను.

పోయినేడు సంఘానికి కొత్త కమిటీ వచ్చింది. సెక్రెటరీ రత్నమాణిక్యం గారు. అవతలి పేట ఆయన, కరెంటాఫీసులో రిటైరయ్యారు. రోడ్డు వైపు షాపులు కట్టించాలని కమిటీ అనుకుంది. మా పన్నెండు సెంట్లూ దానికి కావలసి వచ్చాయి. ఇది మిషన్ స్థలం, మీకు ఇచ్చినట్టు దాఖలా లేదు, ఖాళీ చెయ్యండి అని నోటీసు ఇచ్చారు. పాత మిషన్ పుస్తకాల్లో స్థలాలు రాసింది గోదావరి వరదలో పోయింది, బాప్తిస్మాల రిజిస్టరు ఒక్కటే మిగిలింది. రమేష్ బాబు గుళ్ళోనే లేచి, మా ముత్తాతకి దొర స్వయంగా ఇచ్చిన స్థలమండి అన్నాడు. రత్నమాణిక్యం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, సంఘం అంతా వినేలా చెప్పారు.

"దొర చేతి కాగితం చూపించండి బాబూ. ఆరోజే వదిలేస్తాం. నా మాట ఇదిగో, అందరూ సాక్షి."

కాగితం ఎక్కడిది? నాకు రెండు నెలలు తిండి ఒంటబట్టలేదు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో అద్దె గది వెతుక్కోవాలి. ఏసమ్మకి మోకాళ్ళు పనిచెయ్యవు, ఆ ఇంట్లో గోడ పట్టుకుని ఎక్కడికి ఎన్ని అడుగులో లెక్క దానికి చీకట్లో కూడా తెలుసు.

అప్పుడొచ్చింది జర్మనీ నుంచి ఆ కబురు. క్లారా గెర్బర్ అని ఒకావిడ ఫేస్‌బుక్కులో రమేష్ బాబు పేరు చూసి రాసింది. గెర్బర్ దొర ఆవిడ ముత్తాతకి తమ్ముడట. దొర పెళ్ళీ పిల్లలూ లేకుండా ఇక్కడే జ్వరంతో పోయాడు, మా గుడి దొడ్లోనే ఆయన సమాధి. ఆవిడ రిటైరయిన టీచరు, తమ ఇంటిపేరు ఎక్కడ పుట్టి ఎక్కడెక్కడికి పోయిందో వెతికి పుస్తకం రాస్తోంది. దొర ఇంటికి రాసిన ఉత్తరాలు ఆవిడ దగ్గర నలభై ఒకటి ఉన్నాయి. అందులో మా తాత పేరు చాలాచోట్ల ఉంది. స్థలం సంగతి కూడా ఉంది.

రమేష్ బాబు ఆ కబురు పట్టుకుని వచ్చి నన్ను కావలించుకున్నాడు. వాడికి మీసం వచ్చాక అదే మొదటిసారి.

ఆవిడ వచ్చేనాటికి ముందు గదికి రంగులు వేయించాడు. తూర్పు మూల పొంగు కనపడకుండా ఎత్తు బీరువా జరిపించాడు. రత్నమాణిక్యం గారినీ, ఇద్దరు కమిటీ పెద్దల్నీ, వాళ్ళ స్కూలు హెడ్మాస్టరునీ పిలిచాడు. కుర్చీలు అద్దెకు తెచ్చాడు. ఏసమ్మకి మాత్రం ఒకటే ఆలోచన.

"ఇంటిపేరు ఒకటే అయితే నీకు అక్కో చెల్లెలో వరసవుద్ది కదయ్యా. నాకు ఆడపడుచు. ఉత్తచేతుల్తో ఎలా పంపుతాం?" అని పెట్టెలోంచి ఒక వెంకటగిరి చీర తీసి ఎండలో వేసింది.

క్లారమ్మకి డెబ్బై ఉంటాయి. పొడుగు మనిషి, కొంచెం వంగింది. కుర్చీలో కూర్చోకుండా ముందు గది నేలా గోడా చూసింది. బీరువా వెనక్కి కూడా తొంగి చూసింది. రమేష్ బాబు కూతురు తబిత ఆవిడ ఇంగ్లీషు మాటల్ని తెలుగు చేస్తోంది. రాజమండ్రిలో డిగ్రీ చదువుతోంది, నెమ్మదైన పిల్ల.

ఆవిడ మంచమంత కాగితం ఒకటి నేల మీద పరిచింది. పైన ఒక చిన్న ఊరు, దాని పక్కన సన్నటి ఏరు. అక్కడ నుంచి గీతలు. ఒకటి సముద్రం దాటి అమెరికా పోయింది. రెండు వందల యాభై ఏళ్ళ కిందట కరువుకి ఓడెక్కిన అన్నదమ్ములు. ఇంకోటి రష్యాలో ఓల్గా నది ఒడ్డుకి పోయింది. అక్కడ రాణి పొలాలిస్తానని పిలిచిందట, ఇచ్చింది, తర్వాత ఎవరో వచ్చి లాక్కుని బళ్ళెక్కించి చలిదేశానికి తోలేశారు. ఆ గీత అక్కడ ముక్కలై ఆగిపోయింది. మూడోది ఒక్కటే సన్న గీత, కింద వరకూ వచ్చి గోదావరి దగ్గర ఆగింది. దాని చివర ప్రశ్న గుర్తు ఉంది. ఆవిడ పెన్ను తీసి ఆ గుర్తు కొట్టేసి, మా వైపు చూసి నవ్వింది. రమేష్ బాబు దాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

హెడ్మాస్టరు గారు మంచివారే. మర్యాదకే అడిగారు. "ఈ గెర్బర్ అనే పేరు వచ్చిందెలాగండి? జమీందార్లా, పాస్టర్ల వంశమా?"

తబిత అడిగింది. ఆవిడ చెప్పింది. తబిత మళ్ళీ అడిగింది. ఆవిడ మళ్ళీ చెప్పి, రెండు చేతులూ పిడికిళ్ళు చేసి ముందుకీ వెనక్కీ ఊపి చూపించింది. అరవై ఏళ్ళ తర్వాత ఆ చేతుల కదలిక చూశాను.

తబిత తండ్రి వైపు చూసింది.

"చెప్పమ్మా," అన్నారు రత్నమాణిక్యం గారు.

"తోళ్ళు పదును చేసేవాళ్ళు అంటున్నారండి."

క్లారమ్మకి అదేం తెలియదు. ఆవిడ ఉత్సాహంగా చెప్పుకుపోతోంది, తబిత గొంతు తగ్గించి తెలుగు చేస్తోంది. వాళ్ళ దేశంలో చేసే పనిని బట్టే ఇంటిపేరు పడేదట. తోళ్ళ వాళ్ళని ఊరి కింది చివర ఉంచేవారట, ఏటి నీళ్ళు ఊరు దాటాక. వాసన ఊళ్ళోకి రాకూడదు, ఆ నీళ్ళు ఊళ్ళోవాళ్ళు తాగకూడదు. ఇప్పుడా వీధి చాలా ఖరీదైన వీధి, హోటళ్ళు పెట్టారు, వీధి పేరు మాత్రం తోళ్ళవాళ్ళ వీధే, మార్చనివ్వలేదు అని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ ముఖంలో గొప్ప కనపడింది. అలాంటి ముఖం ఈ పనికి ఉంటుందని నేనెరగను.

తర్వాత ఉత్తరం తీసింది. 1908లో దొర వాళ్ళన్నకి రాసింది. క్లారమ్మ ఇంగ్లీషులో రాసి తెచ్చినదాన్ని తబిత నిలబడి తెలుగులో చదివింది.

"ఇక్కడ చిట్టియ్య అనే మనిషి ఉన్నాడు. నాన్న చేసిన పనే చేస్తాడు. మనకి ఓక్ చెక్క, వీళ్ళకి తంగేడు అనే పొద చెక్క. సున్నం అదే, దుంగ అదే, వాసన అదే. మొదటి రోజు ఆ దొడ్డి పక్కన నిలబడి ఇల్లు గుర్తొచ్చి ఏడ్చాను. బాప్తిస్మం రోజున ఏ పేరు పెట్టాలని అడిగితే మన పేరే పెట్టాను, అది అతనికే ఎక్కువ తగింది. నాన్న కత్తి కూడా అతనికి ఇచ్చేశాను. గుడికి దక్షిణాన కాలువ గట్టు మీది దొడ్డి, తోళ్ళపని చేసే చిట్టియ్యదీ అతని పిల్లలదీ అని మిషన్ పుస్తకంలో రాయించాను. గుళ్ళో మిగతావాళ్ళు అతను ముట్టిన గిన్నె ముట్టడం లేదు. అందుకని అతనికి అందరి తర్వాత ఇస్తున్నాను. అతని తర్వాత నేను తాగుతున్నాను."

నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. గిన్నె ఎందుకు ఆఖరుకి వచ్చేదో నాకు అప్పుడు తెలిసింది. దొర పోయాక కూడా ఆ వరస అలాగే ఉండిపోయింది, మా తాత తర్వాత తాగేవాడే లేకుండా పోయాడు.

ఇల్లు నిలబడింది అనుకున్నాను. రమేష్ బాబు వైపు చూశాను. వాడు నా వైపు చూడలేదు. హెడ్మాస్టరు గారి వైపు చూస్తున్నాడు.

రత్నమాణిక్యం గారు నెమ్మదిగా అన్నారు. "సంతోషం. కాగితం దొరికింది. అయితే ఇది తోళ్ళపని చేసిన చిట్టియ్య గారికి రాసిన కాగితం కదా. మీ ముత్తాతగారు బోధకులని విన్నాం. ఆయనా ఈయనా ఒకరేనాండి రమేష్ బాబు గారూ?"

ఆయనకి తెలుసు. ఆయన తండ్రి మా తాత దగ్గర తోలు కొని చెప్పులు కుట్టించుకున్నవాడు. తెలిసే అడిగారు. ఔనంటే స్థలం వదిలేవారే, అందులో నాకు అనుమానం లేదు. ఆ ఒక్క మాట వీడి నోటితో అందరి ముందూ అనిపించాలి, అంతే.

రమేష్ బాబు, "మా ముత్తాత ఏం చేసేవారో చర్చి రిజిస్టర్‌లో అంతా క్లియర్‌గా ఉందండి" అన్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక రిజిస్టరు చూద్దామనుకుని అందరూ లేచారు. తెప్పించిన కూల్‌డ్రింకులు ఎవరూ తాగలేదు.

ఆ సాయంత్రం వాసాల సందులోంచి తాత కత్తి తీసి గుడ్డలో చుట్టుకుని ముందు గదిలోకి వెళ్ళాను. వాడు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కత్తి బల్ల మీద పెట్టాను. బీరువా జరుపుదాం రా అన్నాను. ఆ మూల రెండడుగులు తవ్వితే సున్నం పడుతుంది. నాలుగు గుంటలు. రిజిస్టరులో ఏం రాసున్నా నేలలో ఉన్నదాన్ని ఎవరూ కాదనలేరు. గది పోతే మళ్ళీ నేల వేయించుకోవచ్చు, నర్సరీలో కాస్త సిమెంటు పని కూడా తెలిసిన మనుషులున్నారు అని చెప్పాను. నా జన్మలో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడలేదు.

వాడు కత్తిని ముట్టుకోలేదు.

"నీకు ముందే తెలుసా బాబాయ్?"

"చూశాన్రా. పట్టుకుని కూర్చున్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు? బోర్డు పెట్టుకున్నాను. స్టాఫ్‌రూమ్‌లో ముప్ఫై ఏళ్ళు చెప్పుకున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా."

కత్తిని బల్ల మీద వాడి వైపు జరిపాను.

"తవ్వితే ఇల్లుంటుందిరా," అన్నాను.

"ఇల్లుంటుంది బాబాయ్. సోమవారం స్కూల్‌కి వెళ్ళాల్సింది నేను."

ఏసమ్మ వాకిట్లోంచి వింటోంది. గోడ పట్టుకుని లోపలికి వచ్చి, "ఆ దొరసాని అంత దూరం నుంచి వచ్చి మా వాళ్ళు తోళ్ళు గీకారని నవ్వుతా చెప్పింది. నువ్వు చెప్పుకుంటే ఏం పోద్దిరా?" అంది.

"ఆవిడ చెప్తే హిస్టరీ పిన్నీ. మనం చెప్తే పేట."

ఆ మాట తప్పని నేను అనలేకపోయాను. అది నిజమే. నిజమే గానీ, దాని ఖరీదు నా ఇల్లు.

ఆదివారం ఆరాధన తర్వాత ఎవరూ కదల్లేదు. క్లారమ్మ కూడా వచ్చి ముందు వరసలో తబిత పక్కన కూర్చుంది. రత్నమాణిక్యం గారు పాత బాప్తిస్మాల రిజిస్టరు తెరిచి బల్ల మీద పెట్టి, వేలు పెట్టి చదివారు. గెర్బర్ చిట్టియ్య. వృత్తి గడిలో, బోధకుడు. పెద్దలిద్దరూ వంగి చూశారు. నేనూ వెళ్ళి చూశాను. ఆ గడిలో కాగితం గీకి గీకి పల్చబడి ఉంది. మిగతా పేజీ అంతా నల్ల సిరా, ఆ ఒక్క మాట నీలి సిరా. మా నాన్న దస్తూరీ. నాకు అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. ఎంత శ్రద్ధగా గీకాడంటే అడుగునున్న మాట ఒక్క పొల్లు కూడా మిగల్లేదు. వాళ్ళ నాన్న తోలు గీకినంత శ్రద్ధగా గీకాడు.

నేను మా తాతలాగే చివరి వరసలో కూర్చునేవాణ్ణి. గుళ్ళో ఎప్పుడూ నోరు విప్పలేదు. ఆ రోజు బల్ల పక్కనే నిలబడి చెప్పాను. మా తాత తోళ్ళు పదును చేశాడు, నేను పట్టుకున్నాను, ఇది ఆయన కత్తి, గుంటలు ముందు గది కింద ఉన్నాయి. అంతే చెప్పాను. గుడ్డ విప్పాను.

క్లారమ్మ లేచి వచ్చింది. కత్తి అందుకుని పిడి పక్కన అరిగిపోయిన ముద్ర మీద బొటనవేలితో రుద్దింది. తర్వాత కాళ్ళు ఎడంగా పెట్టి, లేని దుంగ మీదికి వంగి, రెండు చేతుల్తో పట్టుకుని ఒక్కసారి ముందుకి తోసింది. సరిగ్గా పట్టుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు రాలేదు. నేను రత్నమాణిక్యం గారినే చూస్తున్నాను.

"కత్తి దొరదే కావచ్చు ఎజ్రా. దొర దగ్గర పనిచేసిన ఎవరికైనా ఇచ్చుండొచ్చు," అన్నారాయన. తర్వాత రమేష్ బాబు వైపు తిరిగారు. "గుంటలున్నాయంటే వేరే మాట. ఇల్లు మీది, పన్ను మీ పేరు మీద ఉంది. మీరొక్క మాట అనండి, మనుషుల్ని పెట్టి తవ్వి చూద్దాం. ఉంటే ఇక్కడితో సరి. మీ జోలికి ఎవరూ రారు."

రమేష్ బాబు ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డాడు. వాడి చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాయి. నేను పక్క నుంచి చూస్తున్నాను కాబట్టి ఆ వేళ్ళు ఒకదాన్నొకటి పిసుక్కోవడం నాకు కనపడింది.

"అక్కడ ఏ గుంటలూ లేవండి. మా బాబాయికి పెద్దవయసు. దేనికీ దేనికీ పొంతన ఉండటం లేదు ఈమధ్య."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

తబిత ఆ మాటని ఇంగ్లీషు చెయ్యలేదు. క్లారమ్మ రెండుసార్లు ఆ పిల్ల మోచెయ్యి తట్టి అడిగింది. ఆ పిల్ల తల దించుకునే ఉంది. ఆ మధ్యాహ్నమే ఖాళీ చేస్తామని వాడు సంతకం పెట్టాడు. ఉత్తరంలోని చిట్టియ్య తమ ముత్తాత కాదని కూడా దాంట్లో ఒక వాక్యం ఉంది. నా సంతకం అడగలేదు. అవసరం లేదు.

క్లారమ్మ వెళ్ళే రోజు మా పెంకుటింటికి వచ్చింది. ఏసమ్మ చీరా జాకెట్టు ముక్కా బొట్టు లేకుండా పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. ఆవిడకి వరస అర్థం కాలేదు గానీ, చీర భుజాన వేసుకుని ఏసమ్మని పట్టుకుంది. కత్తిని నేనే ఆవిడ చేతిలో పెట్టాను. వాళ్ళ ఊళ్ళో అలాంటివి గాజుపెట్టెలో పెట్టి చీటీ అంటిస్తారట. ఇక్కడ దాన్ని నమ్మిన వాళ్ళు లేరు. నమ్మే చోటుకి పోనిమ్మన్నాను. తీసుకెళ్ళనిస్తారా అని కూడా అడగలేదు.

రమేష్ బాబు మా కోసం ఏర్పాటు చెయ్యలేదని అనకూడదు. వాళ్ళ అపార్టుమెంటులో వాచ్‌మన్ గది ఖాళీగా ఉందనీ, అద్దె ఏమీ ఉండదనీ, గేటు కాస్త చూసుకుంటే చాలనీ కబురు చేశాడు. నేను నర్సరీ షావుకారుని అడిగి కడియంలో మొక్కల సంచులు పెట్టే షెడ్డు పక్కన ఒక గది తీసుకున్నాను. ఏసమ్మ ఇప్పుడు కొత్తగా అడుగులు లెక్కపెట్టుకుంటోంది. రెండుసార్లు పడింది.

డాబా పడగొట్టిన రోజు నేను వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. పొక్లెయిన్ పొద్దున్న తొమ్మిదింటికే కప్పు దించేసింది. మధ్యాహ్నానికి పునాదికి తవ్వడం మొదలుపెట్టింది. తూర్పు మూలన మొదటి తొట్టి మట్టి ఎత్తేసరికి డ్రైవరు యంత్రం ఆపేసి కిందికి దిగాడు.

తెల్లగా ఉంది. రెండు గజాల చదరం, అంచులు చెక్కినట్టు నిలువుగా. పక్కన ఇంకోటి. దాని అడుగున తంగేడు చెక్క నల్లబడి జానెడు మందాన పేరుకుని ఉంది. అరవై ఏళ్ళకి గాలి తగిలి, వాసన లేచింది. పలచగానే. కానీ అదే.

రత్నమాణిక్యం గారూ పెద్దలిద్దరూ గట్టు మీద నిలబడి చూశారు. షాపులు కట్టే కాంట్రాక్టరు చూశాడు. గుడి దగ్గర నుంచి నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని చూశారు. ఎవరూ నా వైపు చూడలేదు. రత్నమాణిక్యం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నా చెప్పుల వైపు చూశారు. తర్వాత డ్రైవరుకి చేత్తో పని కానివ్వమని చూపించారు. కాంట్రాక్టరు, నేల గుల్లగా ఉంది, రాయి పోసి దిమ్మిస కొట్టాలి అన్నాడు. పోశారు. కొట్టారు.

నేను కాలువ దగ్గర కాళ్ళు కడుక్కుంటుండగా ఫోను మోగింది. రమేష్ బాబు.

"అయిపోయిందా బాబాయ్?"

"అయింది."

వెనక స్కూలు పిల్లల గోల వినపడుతోంది.

"ఏమన్నా బయటపడిందా?"

"పడింది."

"ఎవరన్నా చూశారా?"

"అందరూ చూశారు."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. పూడ్చేశారు."

వాడు ఊపిరి వదలడం నాకు చెవిలో వినపడింది. "పోన్లే," అన్నాడు. "బాబాయ్, గుమ్మం పక్కన నేమ్ బోర్డు ఉంది కదా. పగిలిందా?" అన్నాడు.

తిరిగి చూశాను. ఇటుకల కుప్ప మీద వెల్లకిలా పడి ఉంది. పగల్లేదు. మంచి రాయి.

"లేదు."

"ఎవరిచేతైనా కాస్త జాగ్రత్తగా పంపించు. ఫ్లాట్ గుమ్మానికి పెట్టిస్తాను."

దాన్ని నేనే కాలువ దాకా మోసుకెళ్ళి కడిగాను. ముందు వైపు బంగారు అక్షరాలు మెరిశాయి. వెనక వైపు గుంటల నుంచి గోడలోకి ఎక్కిన సున్నం గట్టిగా పట్టుకుని ఉంది. పీచు పెట్టి రుద్దాను, వేళ్ళు మండాయి గానీ అది వదల్లేదు. గోనెసంచిలో చుట్టి కాకినాడ బస్సులో డ్రైవరు సీటు వెనక పెట్టించాను. ఎటు వైపు ఏముందో పెట్టేవాడే చూసుకుంటాడు.